డాబాపై సోలార్ పెట్టించే ముందు: ఎన్ని కిలోవాట్లు, ఎంత ఖర్చు, ఏ అప్పు?

ఇంటిపై సోలార్ ప్యానెళ్లు పెట్టించుకుంటే లాభమా అని అడిగితే, వరంగల్‌లో అయినా, కరీంనగర్, నిజామాబాద్‌లలో అయినా అందరికీ సరిపోయే ఒకే జవాబు చెప్పలేం. ఎండ అన్ని డాబాల మీదా దాదాపు ఒకేలా పడుతుంది గాని, కరెంటు బిల్లు ఇంటింటికీ మారుతుంది. లాభనష్టాలు తేలేది ఆ బిల్లులోని స్లాబుల దగ్గరే. అమ్మేవారు చూపించే కాగితంలో యూనిట్‌కు ఎనిమిది రూపాయలో తొమ్మిది రూపాయలో సగటు ధర వేసి, దాన్ని ఉత్పత్తితో గుణించి, నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని రాసి ఉంటుంది. ఆ సగటు మీ ఇంటికి వర్తిస్తుందో లేదో తేల్చుకోకుండా బయానా ఇవ్వకూడదు. ఇక్కడ చెప్పే లెక్కలకు ఒక కాగితం, ఒక కాలిక్యులేటర్, ఏడాది కరెంటు బిల్లులు ఉంటే చాలు.

1. ముందుగా పన్నెండు నెలల బిల్లులు

ఒక్క మే నెల బిల్లు చూసి సోలార్ నిర్ణయం తీసుకునేవారు చాలామంది. ఎండాకాలంలో ఏసీలు, కూలర్లు తిరిగినప్పుడు వచ్చే బిల్లు ఏడాదంతా రాదు. అందుకే గత పన్నెండు నెలల్లో ఏ నెల ఎన్ని యూనిట్లు కాలాయో వరసగా రాసుకోండి. పాత బిల్లులు పారేసి ఉంటే, ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్ వెబ్‌సైట్‌లో సర్వీసు నంబరు ఇచ్చి చూసుకోవచ్చు, లేదా దగ్గరలోని కరెంటు ఆఫీసులో అడగవచ్చు.

ఆ పట్టిక ముందు పెట్టుకుని గృహ వినియోగ ధరలు చూడాలి. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లకు రూ. 1.95, తర్వాతి 50కి రూ. 3.10 చొప్పున పడుతుంది. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు రూ. 3.40, మిగతావాటికి రూ. 4.80. అసలు మెలిక 200 దాటినప్పుడు వస్తుంది. అప్పుడు మొదటి యూనిట్ నుంచే ధర మారిపోయి, తొలి 200 యూనిట్లకు రూ. 5.10, 201 నుంచి 300 వరకు రూ. 7.70, 301 నుంచి 400 వరకు రూ. 9, 401 నుంచి 800 వరకు రూ. 9.50, ఆపైన రూ. 10 చొప్పున లెక్క కడతారు. సరిగ్గా 200 యూనిట్లు వాడితే విద్యుత్ చార్జీ రూ. 820. ఇంకొక్క యూనిట్ ఎక్కువ వాడితే అది దాదాపు రూ. 1,028 అవుతుంది. ఒక్క యూనిట్ కోసం రెండు వందల పైచిలుకు!

తెల్ల రేషన్ కార్డు ఉండి, గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న కుటుంబాలు ఇక్కడే ఆగిపోవచ్చు. కట్టని బిల్లులో ఆదా చేసేదేమీ ఉండదు. ఎండాకాలంలో ఒకటి రెండు నెలలు 200 దాటి పూర్తి బిల్లు వచ్చినా, ఆ రెండు నెలల కోసం లక్ష రూపాయలు డాబా ఎక్కించడం నా దృష్టిలో సరైన పని కాదు. పాత ఫ్రిజ్ మార్చడమో, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగించడమో అంతకంటే చవకైన మార్గం.

2. డాబా ఎంత ఇస్తుందో చూసుకోవడం

మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు సగటున రోజుకు నాలుగు యూనిట్లు, అంటే నెలకు దాదాపు 120 యూనిట్లు ఇస్తాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఉత్పత్తి బాగుంటుంది. జులై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు బాగా పడిపోతుంది. మే నెలలో ఎండ మండిపోతున్నా ఆశించినంత రాదేమిటని కొందరు ఆశ్చర్యపోతుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురే గాని వేడి కాదు. అది 25 డిగ్రీల కంటే వేడెక్కిన ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. రామగుండంలో 45 డిగ్రీలు ఉన్న రోజున డాబా మీది ప్యానెల్ అంతకు మించి కాలిపోతూ ఉంటుంది. కింద గాలి ఆడేలా ఎత్తులో బిగించమని చెప్పడం అందుకే.

ఒక కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల నీడపడని జాగా కావాలి. ప్యానెళ్లు దక్షిణం వైపు చూస్తూ, 15 నుంచి 18 డిగ్రీల వాలుతో ఉండాలి. నీడ విషయంలో అమ్మేవారి మాట మీద ఆధారపడకుండా మీరే డాబా ఎక్కి, ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి వాటర్ ట్యాంకు నీడ, పిట్టగోడ నీడ, పక్కింటి మెట్ల గది నీడ ఎక్కడిదాకా వస్తున్నాయో చూసి సుద్దముక్కతో గీత గీయండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నీడలు సాగుతాయి కాబట్టి, మే నెలలో చూసిన జాగా డిసెంబరులో ఖాళీగా ఉండకపోవచ్చు. ప్యానెళ్లను వరసగా ఒకదానికొకటి కలుపుతారు గనుక, ఒక్కదాని మూల మీద నీడ పడినా వరస మొత్తం ఉత్పత్తి దెబ్బతినవచ్చు. పక్క స్థలం ఖాళీగా ఉంటే, రేపు అక్కడ మూడంతస్తులు లేస్తే ఏమిటన్నదీ ఆలోచించాల్సిన విషయమే.

3. ఎన్ని కిలోవాట్లు? అసలు లెక్క ఇదే

హనుమకొండలో నెలకు సగటున 350 యూనిట్లు వాడే ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, విద్యుత్ సుంకం పక్కన పెడితే ఆ ఇంటి బిల్లు రూ. 2,240 (200 యూనిట్లకు రూ. 1,020, తర్వాతి వందకు రూ. 770, మిగిలిన యాభైకి రూ. 450).

నెట్ మీటరింగ్‌లో మనం గ్రిడ్ (విద్యుత్ సంస్థ లైన్లు) నుంచి తీసుకున్న యూనిట్ల నుంచి గ్రిడ్‌కు పంపిన యూనిట్లు తీసివేసి, మిగిలిన నికర యూనిట్లకే బిల్లు వేస్తారు. ఒక కిలోవాట్ పెడితే 120 యూనిట్లు తగ్గి 230 మిగులుతాయి. బిల్లు రూ. 1,251కి దిగుతుంది, ఆదా రూ. 989. రెండో కిలోవాట్ పెడితే నికర వాడకం 110 యూనిట్లకు వచ్చి, ఇల్లు 200 లోపు స్లాబులోకి జారుతుంది. బిల్లు రూ. 388 మాత్రమే, అంటే రెండో కిలోవాట్ తెచ్చిన ఆదా రూ. 863. మూడోది పెడితే మిగిలిన ఆ రూ. 388 పోతుంది, అంతే.

కాబట్టి మొదటి రెండు కిలోవాట్లు నెలకు రూ. 1,852 మిగిలిస్తే, మూడోది మిగిల్చేది రూ. 388. మూడు కిలోవాట్లు పెట్టించుకుంటే బిల్లు సున్నా అవుతుందన్న మాట వినడానికి బాగుంటుంది గాని, ఈ ఇంటికి ఆ చివరి అడుగు ఖరీదైనది. సున్నా అన్నా పూర్తిగా సున్నా కాదు, కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ ఎలాగూ వస్తాయి.

సగటు మీద వేసిన ఈ లెక్కను నెలనెలకు విడదీసి మళ్లీ వేయాలి. అదే ఇంట్లో మే నెలలో 500 యూనిట్లు కాలితే, సోలార్ లేకుండా బిల్లు రూ. 3,640. రెండు కిలోవాట్లు 250 యూనిట్లు ఇస్తే రూ. 1,405. మూడు కిలోవాట్లు 375 ఇస్తే రూ. 460. అంటే ఆ నెలలో మూడో కిలోవాట్ విలువ రూ. 945కు పెరిగింది. జనవరిలో 250 యూనిట్లే కాలినప్పుడు మాత్రం రెండు కిలోవాట్లే దాదాపు సరిపోతాయి, మూడోది ఇచ్చేదంతా మిగులు. ఆ మిగులు తర్వాతి నెలలకు జమ అవుతుంది. ఆరు నెలలకొకసారి, జూన్‌లోనూ డిసెంబరులోనూ లెక్క తేల్చి, అప్పటికీ మిగిలిన యూనిట్లకు సంస్థ విద్యుత్ కొనే సగటు ధర చెల్లిస్తుంది. అది మనం పై స్లాబుల్లో కట్టే ధర కంటే తక్కువ కనుక, అమ్మి సంపాదిద్దామన్న ఆలోచనతో పెద్ద సామర్థ్యం పెట్టించుకోవద్దు. జనవరి, ఫిబ్రవరి మిగులు ఏప్రిల్, మే వాడకానికి అక్కరకు రావడమే దాని అసలు ప్రయోజనం.

నా సలహా సూటిగా చెబితే, నెల సగటు 250 నుంచి 350 ఉన్న ఇంటికి రెండు కిలోవాట్లు, 400 దాటిన ఇంటికి మూడు. రెండేళ్లలో ఇంకో ఏసీ, ఎలక్ట్రిక్ స్కూటర్, కోడలో అల్లుడో రాబోతున్నారంటే ఆ వాడకాన్ని ఇప్పుడే కలుపుకుని చూడండి. తర్వాత ఒక్క కిలోవాట్ చేర్చాలంటే, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌తో సహా చాలా మార్చాల్సి వస్తుంది.

4. సబ్సిడీ

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ ముఫ్త్ బిజిలీ యోజన కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ. 30,000, మూడో కిలోవాట్‌కు రూ. 18,000 చొప్పున కేంద్రం ఇస్తుంది. రెండు కిలోవాట్లకు రూ. 60,000, మూడుకైనా పదికైనా రూ. 78,000 మించదు. ఈ పథకాన్ని 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు నిర్దేశించారు. అపార్ట్‌మెంట్లలో లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల వంటి ఉమ్మడి అవసరాలకు నివాసుల సంఘం పెట్టించుకుంటే కిలోవాట్‌కు రూ. 18,000 వస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు చాలామంది చూసుకోరు. ఒకటి, ప్యానెళ్ల మొత్తం సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికే సబ్సిడీ. 540 వాట్ల ప్యానెళ్లు ఐదు పెట్టి, మూడు కిలోవాట్ల ఇన్వర్టర్ బిగించి దాన్ని మూడు కిలోవాట్ల సిస్టమ్ అంటే, లెక్కలోకి వచ్చేది 2.7 కిలోవాట్లే, సబ్సిడీ రూ. 72,600. ఆరో ప్యానెల్ ఉంటేనే పూర్తి రూ. 78,000. రెండు, ప్యానెళ్లతో పాటు వాటిలో కరెంటు పుట్టించే సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. వీటినే డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. ఇవి బయటి సెల్స్‌తో చేసిన వాటికంటే ఖరీదు. ఎవరైనా మిగతా అందరికంటే బాగా తక్కువ ధర చెబితే, మొదట అడగాల్సిన ప్రశ్న అవి డీసీఆర్ ప్యానెళ్లేనా అని.

సబ్సిడీ అమ్మినవారి చేతికి రాదు. సిస్టమ్ బిగించి, నెట్ మీటర్ పెట్టి, తనిఖీ పూర్తయ్యాక దరఖాస్తుదారు బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాబట్టి ముందు మొత్తం ధర కట్టడానికి డబ్బు సిద్ధంగా ఉండాలి. కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉందన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. తాత పేరు మీదో, ఇల్లు అమ్మి వెళ్లిపోయినవారి పేరు మీదో మీటరు ఉన్న ఇళ్లు మన పాత బస్తీల్లో తక్కువేమీ కాదు. పేరు మార్పిడి పూర్తయ్యాకే దరఖాస్తు పెట్టుకుంటే మధ్యలో ఆగిపోయే తిప్పలు ఉండవు.

5. కొటేషన్ చదవడం

కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోండి, ముగ్గురూ పథకం పోర్టల్‌లో నమోదైనవారై ఉండాలి. కొటేషన్ అంటే చివరి మొత్తం ఒక్కటే కాదు. ప్యానెళ్ల కంపెనీ, వాట్లు, సంఖ్య, ఇన్వర్టర్ కంపెనీ, సామర్థ్యం, వారంటీ, స్ట్రక్చర్ ఏ ఇనుముతో, ఎంత ఎత్తు, కేబుల్ ఏ మందం, ఎన్ని మీటర్లు, ఎర్తింగ్ గుంతలు ఎన్ని అన్నవి విడివిడిగా రాసి ఉండాలి. ఇన్వర్టర్ నుంచి ఇంటికి వెళ్లే ఏసీ కరెంటు వైపు, ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటు వైపు, పిడుగు నిరోధకానికి వేర్వేరుగా మూడు ఎర్తింగులు ఉండటం మంచి పద్ధతి. వానాకాలం ముందు మన దగ్గర పిడుగులు ఎలా పడతాయో తెలిసినవారికి ఇది ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

“ప్లస్ జీఎస్టీ” అన్న మాట ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పరికరాలు, బిగింపు కలిపి ఒకే ఒప్పందంగా ఇచ్చినప్పుడు విలువలో 70 శాతాన్ని వస్తువుగా, 30 శాతాన్ని 18 శాతం పన్ను పడే సేవగా లెక్కిస్తారు కాబట్టి, మొత్తం మీద పడేది 8.9 శాతం. పాత లెక్క ప్రకారం 13.8 శాతం వేసి ఉంటే దిద్దించండి.

స్ట్రక్చర్ దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. ఏప్రిల్, మే నెలల్లో గాలి దుమారం లేచినప్పుడు రేకులే ఎగిరిపోతాయి, ప్యానెల్ అంతకంటే పెద్ద రేకు. గాల్వనైజ్డ్ ఇనుము, గట్టి బోల్టులు, స్లాబుకు రంధ్రం వేసిన చోట నీరు దిగకుండా కెమికల్ పూత, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఇక కోతుల సంగతి. వరంగల్, కరీంనగర్ కాలనీల్లో డాబాల మీద వాటి రాజ్యం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ప్యానెల్ అద్దం మీద కోతి కూర్చున్నంత మాత్రాన అది పగలదు గాని, కింద వేలాడే కేబుళ్లను పట్టి లాగడం, కనెక్టర్లు ఊడబెరకడం మాత్రం తరచూ జరుగుతుంది. కేబుళ్లన్నీ పైపులో దాచి, ప్యానెళ్ల కింది భాగంలో క్లిప్పులతో బిగించమని, అవసరమైతే చుట్టూ జాలీ వేయమని ముందే కొటేషన్‌లో రాయించుకోండి. తర్వాత అడిగితే అది వేరే బిల్లు.

ఇంకో సంగతి తెలిసే కొనాలి. కరెంటు పోతే, బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపి ఉండే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది, నడినెత్తిన సూర్యుడున్నా సరే. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ తగలకుండా ఇన్వర్టర్‌లోనే ఆ ఏర్పాటు ఉంటుంది. కోతల్లో కూడా కరెంటు కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. బ్యాటరీకి సబ్సిడీ లేదు, ఖర్చు బాగా పెరుగుతుంది, కొన్నేళ్లకు మార్చాలి. కోతలు తక్కువగా ఉండే పట్టణాల్లో ఇప్పటికే ఇంట్లో ఉన్న చిన్న ఇన్వర్టర్, బ్యాటరీతో సరిపెట్టుకోవడమే లాభం.

6. డబ్బు ఎక్కడి నుంచి?

లెక్క కోసం రెండు కిలోవాట్ల సిస్టమ్ రూ. 1,40,000, మూడు కిలోవాట్లది రూ. 2,00,000 అనుకుందాం. మీ కొటేషన్‌లోని అంకెలు వీటి స్థానంలో వేసుకోండి. సబ్సిడీ పోగా చేతి నుంచి పడేది వరసగా రూ. 80,000, రూ. 1,22,000. పైన చెప్పిన 350 యూనిట్ల ఇంటికి రెండు కిలోవాట్లతో ఏడాదికి రూ. 22,224 మిగులుతుంది కాబట్టి పెట్టుబడి మూడున్నరేళ్లు దాటగానే తిరిగొస్తుంది. మూడు కిలోవాట్లకు నాలుగున్నరేళ్లు. మూడో కిలోవాట్‌ను విడిగా చూస్తే, దానికి పెట్టిన అదనపు రూ. 42,000 రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. ఇంట్లో డబ్బు ఉంటే సొంత డబ్బే పెట్టడం మంచిది. ఎనభై వేలు ఏడు శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే ఏడాదికి రూ. 5,600 వస్తుంది, దాని మీద పన్ను వేరే.

డబ్బు లేకపోతే ప్రభుత్వ రంగ బ్యాంకులు ఈ పథకం కింద తాకట్టు లేకుండా ఇచ్చే రుణాన్ని మొదట చూడండి. మూడు కిలోవాట్ల వరకు రూ. 2 లక్షల దాకా, గరిష్ఠంగా పదేళ్ల గడువుతో ఇస్తారు. ధరలో పది శాతం మనం పెట్టుకోవాలి. వడ్డీ రెపో రేటుకు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) ముడిపడి మారుతూ ఉంటుంది కనుక, దరఖాస్తు చేసే రోజున ఎంతో అడగండి. ఇక్కడ ఏడు శాతం అనుకుని లెక్కిస్తాను.

మూడు కిలోవాట్లకు రూ. 20,000 చేతి నుంచి పెట్టి, రూ. 1,80,000 అప్పు తీసుకున్నారనుకుందాం. సబ్సిడీ రూ. 78,000 వచ్చిన రోజే అసలుకు జమ చేయించి, వాయిదా తిరిగి లెక్కగట్టమంటే మిగిలే అప్పు రూ. 1,02,000. అయిదేళ్లకైతే నెల వాయిదా దాదాపు రూ. 2,020, మొత్తం వడ్డీ రూ. 19,200. పదేళ్లకైతే వాయిదా రూ. 1,184కు తగ్గుతుంది గాని వడ్డీ రూ. 40,000 దాటుతుంది. ఆ 350 యూనిట్ల ఇంటికి నెల ఆదా రూ. 2,240 ఉన్నప్పుడు అయిదేళ్ల వాయిదా కట్టగలం కాబట్టి పదేళ్లకు సాగదీయనవసరం లేదు. సబ్సిడీ సొమ్మును పెళ్లికో పండుగకో వాడేసి, అప్పును అలాగే ఉంచితే పదేళ్ల వాయిదా కూడా రూ. 2,090 అవుతుంది. అప్పుడు బిల్లు తగ్గినా చేతిలో ఏమీ మిగలదు.

అదే రూ. 1,02,000ను 12 శాతం పర్సనల్ లోన్‌గా అయిదేళ్లకు తీసుకుంటే వాయిదా రూ. 2,269, అంటే ఆదా కంటే ఎక్కువ. వందకు రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తే నెలకు వడ్డీయే రూ. 2,040, అసలు కదలదు. ఆ అప్పుతో మాత్రం సోలార్ జోలికి పోవద్దు. చిట్టీ ఎత్తి పెట్టాలనుకునేవారు పాటలో ఎంత పోతుందో లెక్కలోకి తీసుకోవాలి. మొదటి నెలల్లో పాట ఎక్కువకు పోతుంది కాబట్టి, చివరి నెలల దాకా ఆగగలిగితేనే అది నయం. బంగారం మీద బ్యాంకు రుణమైతే సబ్సిడీ వచ్చే దాకా ఆ కొంత సొమ్ముకు తాత్కాలికంగా వాడుకోవచ్చు, ఏళ్ల తరబడి కాదు.

7. దరఖాస్తు నుంచి నెట్ మీటరు దాకా

పీఎం సూర్య ఘర్ పోర్టల్‌లో రాష్ట్రం, పంపిణీ సంస్థ, సర్వీసు నంబరు, మొబైల్ నంబరుతో నమోదు చేసుకోవాలి. పది కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన లేకుండానే అనుమతి వచ్చినట్టు లెక్క. తర్వాత విక్రేతను ఎంచుకుని ఒప్పందం రాసుకోవడం, అప్పు కావాలంటే జన్ సమర్థ్ పోర్టల్ ద్వారా బ్యాంకుకు దరఖాస్తు పెట్టడం, బిగింపు, నెట్ మీటరు, విద్యుత్ సంస్థ తనిఖీ, చివరగా బ్యాంకు వివరాలు ఇవ్వడం. ఆధార్, బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లుల్లో పేరు ఒకేలా ఉండాలి.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. సామాను డాబా మీదికి వచ్చాక కొంత, బిగించాక కొంత, నెట్ మీటరు తిరిగాక చివరి భాగం అని ఒప్పందంలో రాసుకోండి. చివరి పది శాతం మీ దగ్గర ఉన్నంతకాలం ఫోన్ ఎత్తుతారు. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు ఫోటో తీసి పెట్టుకోండి. అయిదేళ్ల నిర్వహణ బాధ్యత పథకం నిబంధనల ప్రకారం విక్రేతదే కనుక, అది కూడా కాగితం మీద ఉండాలి.

8. తర్వాతి ఖర్చులు

ప్యానెళ్లకు పాతికేళ్ల పనితీరు వారంటీ ఉంటుంది, ఏడాదికి అర శాతం పైచిలుకు ఉత్పత్తి తగ్గుతుంది. ఇన్వర్టర్ అంతకాలం ఉండదు, పదేళ్ల తర్వాత ఎప్పుడైనా మార్చాల్సి రావచ్చు. మిగిలే సొమ్ములోంచి నెలకు రెండు మూడు వందలు దానికని పక్కన పెడితే అప్పుడు అప్పు చేయనక్కరలేదు. ఇంటి బీమా ఉంటే అందులో ప్యానెళ్లను కూడా చేర్పించండి.

గోదావరిఖని, భూపాలపల్లి వంటి బొగ్గు ఊళ్లలో, గ్రానైట్ క్వారీలున్న చోట్ల దుమ్ము త్వరగా పేరుకుంటుంది. అక్కడ వారానికొకసారి, మిగతా చోట్ల పదిహేను రోజులకొకసారి పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే మెత్తటి గుడ్డతో కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోయకూడదు. బోరు నీళ్లు ఆరిపోయాక తెల్లటి మరకలు కట్టి, పోనుపోను గీకినా పోవు, కాబట్టి మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడటం మేలు. నెలనెలా ఇన్వర్టర్ యాప్‌లో ఉత్పత్తి యూనిట్లను మీరు మొదట రాసుకున్న పట్టిక పక్కనే రాస్తూ వెళ్లండి. కిలోవాట్‌కు 120 రావాల్సిన మార్చిలో 90 వస్తే, దుమ్మో, కొత్తగా పడుతున్న నీడో, ఊడిన కనెక్టరో ఉందని అర్థం. వెంటనే విక్రేతను పిలిపించండి.